ఫ్లెక్సీలో కింది వరస

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడు బీటెక్ రెండో ఏడు. హీరో పుట్టినరోజు వస్తోందంటే వారం ముందు నుంచే నిద్ర మానేసి ట్రెండింగ్ అంటూ ఫోన్‌లో కూర్చుంటాడు. వేరే హీరో ఫ్యాన్స్‌తో తెల్లవారుజాము దాకా బూతులు తిట్టుకుంటాడు. అడిగితే "మీకు అర్థం కాదు" అంటాడు. చదువుకున్న పిల్లలు ఎందుకిలా అయిపోతున్నారు, ఈ సెలబ్రిటీల మోజు మన సమాజాన్ని ఏం చేస్తోంది అని మీరు అడిగారు. పనీపాటా లేనివాళ్లు చేసే పని అనో, పెంపకం లోపం అనో సమాధానం చెప్పడం తేలిక. నాకు అలా చెప్పే అర్హత లేదు. ఎందుకంటే నేనూ ఆ పనే చేశాను.

1988లో, నా 19వ ఏట, తణుకులో ఒక హీరో అభిమాన సంఘానికి కార్యదర్శిని. ఆ తర్వాత విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో 13 ఏళ్లు రిప్రజెంటేటివ్‌గా చేశాను. సినిమా రీళ్ల బాక్సు వెంట ఊరూరా వెళ్లి, థియేటర్లో కూర్చుని, ఎన్ని టికెట్లు తెగాయో చూసి, డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్టు) రాయించి ఆఫీసుకి పంపే ఉద్యోగం. 2006 నుంచి ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. మా హీరో ఎవరో మాత్రం చెప్పను. చెబితే మీ తమ్ముడు ఇది చదవడం ఇక్కడే ఆపేస్తాడు.

ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఈసారి మీ ఊళ్లో ఏదైనా హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ కనిపిస్తే పైన ఉన్న హీరోని వదిలేసి కింది వరస చూడండి. పాస్‌పోర్టు సైజు ఫోటోలు పదో, ఇరవయ్యో ఉంటాయి. నల్ల కళ్లద్దాలు, చేతులు కట్టుకుని ఒకరు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒకరు. కింద పేర్లు, పక్కన బ్రాకెట్లో ముద్దుపేర్లు. ఇన్నేళ్లుగా ఆ ఫ్లెక్సీలు డిజైన్ చేయిస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా: కుర్రాళ్లు షాపులో హీరో ఫోటో గురించి గొడవ పడరు. హీరో ఫోటో ఇంటర్నెట్లో దొరుకుతుంది, పది నిమిషాల్లో తేలిపోతుంది. మిగతా రెండు గంటలూ కింది వరస గురించే. ఎవరి ఫోటో ముందు, ఎవరిది పెద్దది, ఎవరి పేరు పక్కన "గారు" ఉండాలి, చందా 500 ఇచ్చినవాడిదీ 2000 ఇచ్చినవాడిదీ ఒకే సైజు ఎలా అవుతుంది. ఒకసారి అంతా అయిపోయాక ఒక పిల్లవాడు వెనక్కి వచ్చాడు. "అన్నా, మా అమ్మ ఆ సెంటర్లోనే పూలమ్ముతుంది. నా ఫోటో ఆ వైపు చివర్లో పెట్టు, ఆమెకి కూర్చున్న చోటి నుంచి కనపడాలి" అన్నాడు.

మీ ప్రశ్నకి నా జవాబు చాలావరకు ఆ పిల్లవాడి మాటలోనే ఉంది. అభిమాని హీరో కోసం చేస్తున్నట్టే కనిపిస్తాడు. నిజానికి హీరోకున్న పేరులోంచి తనకి కావలసినంత పేరు తీసుకుంటున్నాడు. ఆ పేరు వాడికి ఇంకెక్కడా దొరకడం లేదు. మిగతా మంచీ చెడూ, వ్యాపారం, రాజకీయం అన్నీ దీని మీదే పెరిగాయి.

నా సంగతే తీసుకోండి. మా నాన్న రైస్ మిల్లులో గుమస్తా. ఇంటర్ తప్పాను. ఊళ్లో నన్ను "ఫలానావాడి రెండోవాడు" అనేవాళ్లు, పేరు కూడా కాదు. సంఘం పెట్టాక థియేటర్ మేనేజర్ "సెక్రటరీ గారూ, రండి" అని తన గదిలో కుర్చీ వేశాడు. రిలీజు ముందు రోజు రాత్రి మైదా జిగురు కలపడం, రంగు కాగితాలతో స్టార్లు కట్టడం, కటౌట్‌కి దండలు వేయడానికి సారువ కర్రలు కట్టించడం, క్యూ దగ్గర గొడవ కాకుండా పోలీసులతో మాట్లాడి పెట్టుకోవడం, అన్నీ మేమే. ఎస్సై నా పేరు పెట్టి పిలిచిన రోజు ఇంటికొచ్చి మా నాన్నకి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి నాతో కలిసి కూర్చుని అన్నం తిన్నారు. అదివరకు అలా తినేవారు కాదు.

ఇంకో సంగతి. మా హీరో సినిమా ఒకటి 60 రోజులకే చల్లబడిపోయింది. వచ్చే కలెక్షన్ థియేటర్ అద్దెకి కూడా చాలడం లేదు. నూరు రోజులు ఆడకపోతే పక్క హీరో సంఘం ముందు తలెత్తుకోలేం కదా. మిగతా 40 రోజుల డెఫిసిట్ మేమే చందాలేసుకుని కట్టాం. ఖాళీ కుర్చీలకి సినిమా వేయించాం. నేను మా అక్క దగ్గర అప్పు చేశాను, అది తీర్చడానికి రెండేళ్లు పట్టింది. శతదినోత్సవానికి వెళ్తే షీల్డు ఇచ్చారు. నా వంతు వచ్చేసరికి హీరో గారు వెళ్లిపోయారు, ఎవరో నిర్మాత బంధువు చేతుల మీదుగా తీసుకున్నాను. ఆ షీల్డు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మా ఆవిడ దాన్ని తలుపు మూసుకుపోకుండా అడ్డం పెడుతుంది. అయినా అప్పుడు మోసపోయానని అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. ఇచ్చినదానికి తగ్గది నాకు ఊళ్లో దొరికింది. కాబట్టి మీ తమ్ముడితో "వాడెవడో నీకేం చేశాడు" అని వాదించకండి. ఆ ప్రశ్నకి ప్రతి అభిమాని దగ్గరా ఒక జవాబు ఉంటుంది. బయటికి చెప్పడు, అంతే.

1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు టీవీ చూసేవాళ్ల గురించి ఒక మాట రాశారు. తెర మీద రోజూ కనిపించే మనిషి మనకి బాగా తెలిసినవాడే అనిపిస్తాడని, వాడికి మాత్రం మనం ఎవరమో తెలియదని, ఇది ఒకవైపే నడిచే స్నేహమని. వాళ్లకి అంత వివరంగా చెప్పాల్సి వచ్చింది. మనకి ఒక్క మాట చాలు: మనోడు. "ఈ శుక్రవారం మనోడి సినిమా" అంటాం. ఎన్నడూ కలవనివాడు మనోడు ఎలా అయ్యాడు అని ఎవరూ అడగరు. అయితే తెలుగునాట ఆ మాటకి రెండో అర్థం ఒకటి ఉంది, మీకూ తెలుసు. కులం. అభిమాన సంఘాల్లో అన్ని కులాలవాళ్లూ ఉంటారు, మా సంఘంలో అందరికంటే ఎక్కువ కష్టపడినవాడు దళితవాడ నుంచి వచ్చేవాడు. కానీ అధ్యక్షుడు ఎవరు, ఫంక్షన్లో హీరో పక్కన నిలబడేది ఎవరు అనే దగ్గరికి వచ్చేసరికి లెక్కలు మారిపోతాయి. ఎవరి పేరు కింది వరసలో ఎక్కడ పడాలో నిర్ణయించేది చందా ఒక్కటే కాదన్నమాట. ఇప్పుడు ఆన్‌లైన్లో తిట్టుకునే తిట్లలో సగం సినిమా గురించి కావు, ఈ రెండో అర్థం గురించే. మీ తమ్ముడి ఫోన్ ఒక్కసారి చూస్తే తెలుస్తుంది.

ఇక వ్యాపారం. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "ఈ తరం పిల్లలకి పిచ్చి ముదిరింది" అనేవాళ్లకి ఇది తెలియదు. ముదిరింది పిల్లలకి కాదు, లెక్కలకి.

నేను రిప్రజెంటేటివ్‌గా ఉన్న రోజుల్లో ప్రింట్లు తక్కువ. పెద్ద సినిమా ముందు పెద్ద ఊళ్లలో పడేది, అక్కడ ఆడి ఆడి బాక్సు చిన్న ఊళ్లకి దిగేది. మా పల్లెల్లో సినిమా చూడటానికి నెలలు ఆగేవాళ్లు. అప్పుడు సినిమాని నిలబెట్టేది మొదటి రోజు కాగితాలు ఎగరేసే అభిమాని కాదు. మూడో వారం పిల్లల్ని తీసుకుని మ్యాట్నీకి వచ్చే ఆడవాళ్లు. మేనేజర్లు డీసీఆర్‌లో మొదటి చూపు లేడీస్ క్లాసు మీదే వేసేవాళ్లు. అభిమాని హడావిడి వాళ్లకి ముచ్చటే తప్ప తప్పనిసరి కాదు.

డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక బాక్సులు పోయాయి. ఒకే రోజు, ఒకే గంటకి, ప్రతి పల్లెలోనూ, అమెరికాలోనూ సినిమా పడుతుంది. సినిమా ఆయుష్షు నూరు రోజుల నుంచి మూడు రోజులకి వచ్చేసింది. బడ్జెట్లు, హీరోల రెమ్యూనరేషన్లు మాత్రం ఎన్నో రెట్లు పెరిగాయి. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అని ఏరియాలవారీగా కొన్న బయ్యర్‌కి పెట్టుబడి మొదటి వారాంతంలోనే వెనక్కి రావాలి, సోమవారం నుంచి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. టాక్ తెలియక ముందే టికెట్ కొనే మనిషి ఎవరు? అభిమాని ఒక్కడే. అందుకని ఒకప్పుడు ముచ్చటగా ఉన్న వాడి పిచ్చి ఇవాళ పెట్టుబడిలో భాగమైపోయింది. దాన్ని ఏడాదంతా ఆరిపోకుండా చూసుకోవాలి. టైటిల్ పోస్టరు, ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజరు, ట్రైలరు, ప్రీ రిలీజ్ ఈవెంటు, ఇన్ని గంటల్లో ఇన్ని వ్యూస్ అని మరో పోస్టరు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పక్క హీరో రికార్డుతో పోలిక. ఈ పోలిక పిల్లలు కనిపెట్టింది కాదు, వాళ్ల చేతికి ఇచ్చింది.

బెనిఫిట్ షో అనే మాటే చూడండి. ఏదో ఒక మంచి పనికి డబ్బు పోగు చేయడానికి వేసే ఆట కాబట్టి ఆ పేరు. పేరు అలాగే మిగిలింది, బెనిఫిట్ ఎవరికో మారిపోయింది. 2024 డిసెంబరు 4న 'పుష్ప 2' ప్రీమియర్లకి మామూలు టికెట్ మీద అదనంగా 800 రూపాయలు తీసుకోవడానికి ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. ఆ రాత్రే హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర, హీరో వచ్చినప్పుడు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత హీరోని అరెస్టు చేయడం, అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిల్ ఇవ్వడం, టీవీలన్నీ రాత్రంతా జైలు గేటు చూపించడం మీకు గుర్తుండే ఉంటుంది. తప్పు హీరోదా, థియేటర్‌దా, పోలీసులదా అని దేశమంతా వాదించింది. కోర్టు తేల్చాల్సిన సంగతి, నేను తేల్చను. కానీ 13 ఏళ్లు థియేటర్లలో కూర్చున్నవాడిగా ఒక మాట చెప్పగలను. మా రోజుల్లో కూడా తోపులాటలు జరిగేవి. అప్పుడు హీరో మద్రాసులోనో, హైదరాబాద్‌లోనో ఉండేవాడు, గుంపు కటౌట్ చుట్టూ ఉండేది. కటౌట్ కదలదు. ఇప్పుడు మనిషే థియేటర్‌కి వస్తున్నాడు, ఆ రావడం కూడా ప్రచారంలో భాగం. ఫోన్‌లో రోజంతా చూసిన మొహం పది అడుగుల దూరంలో కనిపిస్తే గుంపుకి గుంపు ఒక్కసారిగా ఎటు ఒరుగుతుందో ఏ మేనేజరూ ఆపలేడు.

ఇది సినిమాకి మాత్రమే పట్టిన జబ్బు కూడా కాదు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర క్రికెట్ కప్పు సంబరంలో 11 మంది చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 27న కరూర్‌లో నటుడు విజయ్ రాజకీయ సభలో 41 మంది.

నా మనసులో ఇంకా ముల్లులా ఉన్నది వేరే. 2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర శాంతిపురం మండలంలో పవన్ కళ్యాణ్ పుట్టినరోజుకి ముందు రాత్రి ఫ్లెక్సీ కడుతూ కరెంటు తీగ తగిలి ముగ్గురు కుర్రాళ్లు చనిపోయారు. 2024 జనవరిలో కర్ణాటకలోని గదగ్ జిల్లాలో యశ్ పుట్టినరోజుకి కటౌట్ కడుతూ అచ్చం అలాగే మరో ముగ్గురు. ఈ రెండు వార్తలూ ఊరంతా చదివింది, నేను మాత్రం షాపువాడిగా చదివాను. పాతిక అడుగుల ఇనప ఫ్రేము కుర్రాళ్ల చేతికి ఇచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని, అది ఎవరు ఎక్కడ కడతారో అడగకుండా పంపే షాపుల్లో మాదీ ఒకటి. కుప్పం వార్త తర్వాత 12 అడుగులు దాటితే ఫ్రేము ఇవ్వడం మానేశాను. బేరాలు పోయాయి. పక్క షాపువాడు ఇస్తున్నాడు.

ఇంత చెప్పాక అంతా చెడే అంటే అబద్ధం ఆడినవాణ్ణవుతాను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా మేనత్త చేతి ఉంగరం తీసి వేసిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కలెక్టరు అడిగితే ఇచ్చేదా? 1998 అక్టోబరు 2న చిరంజీవి బ్లడ్ బ్యాంకు పెట్టాక ఊళ్లలో అభిమాన సంఘాల పనే మారిపోయింది. పాలాభిషేకం చేసే కుర్రాడే పుట్టినరోజుకి రక్తం ఇవ్వడం మొదలుపెట్టాడు. మిగతా హీరోల సంఘాలు పోటీ కోసమైనా అదే దారి పట్టాయి. పోటీకి ఇచ్చిన రక్తమైనా ఎక్కించుకున్నవాడికి తేడా తెలియదు కదా. బెంగళూరులో 2021 అక్టోబరులో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ చనిపోయాక కుటుంబం ఆయన కళ్లు దానం చేస్తే, ఆ తర్వాత కర్ణాటకలో నేత్రదానానికి జనం బారులు కట్టారు. ఎన్నేళ్ల ప్రభుత్వ ప్రకటనలూ చేయలేని పని అది.

అదే పోటీ ఎంత దూరం పోతుందో కూడా చెప్పాలి. 2016 ఆగస్టులో కర్ణాటకలోని కోలార్‌లో ఒక అవయవదాన కార్యక్రమానికి తిరుపతి నుంచి ఒక అభిమాని వెళ్లాడు. ఇద్దరు తెలుగు హీరోల్లో ఎవరు గొప్ప అని మాటామాటా పెరిగి వాణ్ణి కత్తితో పొడిచి చంపారు. అవయవదానం కార్యక్రమం దగ్గర! మంచీ చెడూ రెండు వేరు వేరు గుంపులు చేస్తాయనుకుంటే పొరపాటు. ఒకే గుంపు, ఒకే సాయంత్రం.

రాజకీయం గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే, పైగా గొడవలొస్తాయి. ఒక్కటి మాత్రం. హీరో నిలబడితే జనం కళ్లు మూసుకుని ఓట్లేస్తారనే మాట మన దగ్గర చెల్లలేదు. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా 200కు పైగా సీట్లు గెలిచిన ఎన్టీఆర్‌నే 1989లో కల్వకుర్తి ఓడించింది. 2009లో చిరంజీవి పార్టీకి 294లో 18 సీట్లే వచ్చాయి, ఆయన సొంత జిల్లాలోని పాలకొల్లులోనే ఓడిపోయారు. పవన్ కళ్యాణ్ 2019లో భీమవరం, గాజువాక రెండుచోట్లా ఓడి, 2024లో పోటీ చేసిన 21 సీట్లకి 21 గెలిపించుకున్నారు. మొహం అదే, అభిమానులూ వాళ్లే. మారింది పొత్తులు, పరిస్థితులు. ఈలలు వేసిన చేతులు ఓటు దగ్గర వేరేగా ఆలోచిస్తాయి. మన జనం మీద నాకు ఆ మాత్రం గౌరవం ఉంది. నాకు తెలిసి పార్టీల వల్ల అసలు లాభం కింది వరసకే జరిగింది. సంఘం కార్యదర్శులు వార్డు మెంబర్లయ్యారు, ఎంపీటీసీలయ్యారు. ఇంకే దారిలోనూ ఆ కుర్చీ దాకా రాలేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు.

నన్ను నిజంగా భయపెట్టేది ఓటు కాదు, జేబు. సెలబ్రిటీ ఏ పార్టీకి ఓటెయ్యమన్నా పదిసార్లు ఆలోచించే మనిషి, ఏ యాప్‌లో డబ్బు పెట్టమన్నా పెట్టేస్తున్నాడు. ఎందుకంటే ఓటు గురించి ఊళ్లో చర్చ ఉంటుంది. యాప్ వాడొక్కడి చేతిలో ఉంటుంది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. అయినా ప్రకటనలు ఆగలేదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లని ప్రమోట్ చేశారని హైదరాబాద్‌లో పోలీసులు పలువురు నటులు, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో కేంద్రం డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనీ, వాటి ప్రకటనలనీ నిషేధిస్తూ చట్టమే తెచ్చింది. అంతకుముందే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఒకటుంది. తప్పుదారి పట్టించే ప్రకటనలో కనిపించిన సెలబ్రిటీకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఏడాది పాటు, తర్వాత మూడేళ్ల దాకా ప్రకటనల్లో కనిపించకుండా ఆపొచ్చు. కాగితం మీద మంచి చట్టమే. కానీ మా వీధిలో డిగ్రీ పిల్లవాడు నాలుగు లక్షలు పోగొట్టుకున్నప్పుడు ఆ చట్టం ఉందని వాడికీ తెలియదు, వాళ్ల నాన్నకీ తెలియదు. పొలం కాగితాలు తాకట్టుకి వెళ్లాయి. ఆ యాప్ చెప్పింది పెద్ద హీరో కాదు, ఫోన్‌లో కామెడీ వీడియోలు చేసే ఒక కుర్రాడు. "వాడు మనలాంటోడే కదా అంకుల్, అబద్ధం ఎందుకు చెబుతాడు" అన్నాడు. పెద్ద హీరో చెబితే కాస్తయినా అనుమానించేవాడేమో.

ఇక్కడే ఈ తరానికీ మా తరానికీ అసలు తేడా. మా రోజుల్లో పేరు రావాలంటే హీరో కావాలి, హీరో కావాలంటే ఎవరి కొడుకో కావాలి. మాకు దక్కేది కింది వరసే. ఇప్పుడు ఫోన్ చేతిలో ఉంటే పై వరసకి నేరుగా వెళ్లొచ్చు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పనులు చేసుకునే గంగవ్వ అరవై దగ్గర పడ్డాక యూట్యూబ్‌లో తన మాట తను మాట్లాడి రాష్ట్రమంతా తెలిసిన మనిషైంది. ఆ యాసని అదివరకు సినిమాల్లో నవ్వుకోవడానికి వాడుకునేవాళ్లు. దీన్ని మంచి కాదని ఎవరనగలరు? అదే తలుపులోంచి రెండోది కూడా వచ్చింది. 2023 డిసెంబరు 17 రాత్రి బిగ్ బాస్ ఫైనల్ అయ్యాక జూబ్లీహిల్స్‌లో స్టూడియో బయట గుంపు కార్ల మీద పడింది, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టింది. మా కాలంలో ఒక హీరోకి అలాంటి గుంపు తయారు కావడానికి పదేళ్లు, పాతిక సినిమాలు పట్టేవి. ఆ షోలో ఉన్నవాళ్లకి మూడున్నర నెలలు.

మా షాపులోనూ తెలుస్తోంది. నాలుగైదేళ్ల నుంచి కుర్రాళ్లు హీరో లేని ఫ్లెక్సీలు వేయించుకుంటున్నారు. వాడి పుట్టినరోజుకి వాడే పైన, నిలువెత్తు ఫోటో, వెనక సింహం, "యూత్ ఐకాన్" అని పేరు ముందు బిరుదు, కింది వరసలో స్నేహితులు. మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వడం లేదు. పాపం, వాడికి తన పేరు పెద్ద అక్షరాల్లో చూసుకునే చోటు ఊళ్లో నా షాపు తప్ప ఇంకేదీ లేదు.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. మా సంఘానికి హద్దులు ఉండేవి. అవి మా మంచితనం వల్ల వచ్చినవి కావు, ఊరు వల్ల వచ్చినవి. పక్క హీరో సంఘం కార్యదర్శి మా ట్యూషన్ మాస్టారి అబ్బాయి. పొద్దున పోస్టర్ మీద పేడ కొట్టుకున్నా సాయంత్రం ఒకే టీకొట్టు దగ్గర కలవాలి. వాడి అమ్మని తిట్టలేను, ఆమె చేత్తో అన్నం తిన్నాను. మీ తమ్ముడు రాత్రి రెండింటికి తిట్టేవాడికి మొహం లేదు, ఊరు లేదు, అమ్మ లేదు. పని కూడా లేదు చూడండి: మాకు జిగురు కలపాలి, స్టార్లు కట్టాలి, ఒళ్లు అలిసి నిద్ర వచ్చేది. వీడికి అలుపు రాదు. ఎవరు ఎక్కువ రెచ్చగొడితే వాడి పోస్టు ఎక్కువమందికి చూపించే ఏర్పాటు ఆ కంపెనీలే చేసి పెట్టాయి. మాకు కింది వరసలో ఒక పాస్‌పోర్టు ఫోటో దక్కింది, సెంటర్లో నెల రోజులు నిలబడింది. వాడికి దక్కే లైకులు తెల్లారేసరికి ఎక్కడుంటాయో వాడికే తెలియదు. అందుకే మర్నాడు మళ్లీ మొదలుపెడతాడు.

ఫోన్ లాక్కోకండి. హీరోని తిట్టకండి, ఆ వాదనలో మీరు గెలవలేరు. ముందు వాడి అకౌంట్ చూపించమని అడగండి, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడగండి. ఎంతమంది ఫాలోయర్లు, ఆ ఎడిట్లు ఎవరు చేస్తారు అని. చాలామంది పిల్లలు వీడియో ఎడిటింగ్, పోస్టర్ డిజైన్ ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటున్నారు. నా దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న డిజైనర్లు ఇద్దరూ అలా ఫ్యాన్ పేజీలు నడిపి వచ్చినవాళ్లే, కోర్సులు చేసినవాళ్లకంటే మెరుగు. వాడి పేజీ వెనక వాడి పేరు తెలిసినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? లేకపోతే మీరు అవ్వండి. తర్వాతి సినిమాకి వాడితోపాటు మీరూ వెళ్లండి, మొదటి ఆట వద్దు, రెండో రోజు. వాడి హీరో పుట్టినరోజుకి రక్తదానం ఉంటే వెళ్లమనండి, వచ్చాక ఆ సర్టిఫికెట్ మీ నాన్నగారికి చూపించమనండి. ఆయన ఏమీ అనకపోయినా పరవాలేదు.

ఇవన్నీ నిదానంగా చేసుకోవచ్చు. ఇవాళే చూడాల్సింది ఒకటుంది. వాడి ఫోన్‌పే, గూగుల్ పే హిస్టరీ. టికెట్లకి, ఫ్లెక్సీ చందాలకి పోయిన డబ్బు గురించి గొడవ చెయ్యొద్దు. రెండొందలు, అయిదొందలు చొప్పున ఏదో తెలియని పేరుకి రాత్రిపూట మళ్లీ మళ్లీ వెళ్తుంటే మాత్రం ఆ పేరేంటో అడగండి, వెంటనే. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. తిట్లు తర్వాత తిట్టొచ్చు.